చిన్న ఐ, పెద్ద ఐ, మధ్యలో జె

బీటెక్ మొదటి సంవత్సరంలో సర్క్యూట్స్ సార్‌ని నేను అడిగిన మొదటి ప్రశ్నకే క్లాసంతా గొల్లుమంది.

"సార్, జె విలువ ఇవ్వలేదు. లెక్క ఎట్లా చేయాలి?"

బోర్డు మీద 3 + జె4 ఓములు అని రాసి ఉంది. మూడు తెలుసు, నాలుగు తెలుసు. ఆ మధ్యలోది ఏంటో తెలీదు. ఏదో స్థిరాంకం అయి ఉంటుంది, నేను రాని రోజు చెప్పి ఉంటారు అనుకుని పక్కవాడి నోట్సు మొత్తం తిరగేశాను. దొరక్క, ఇక తప్పక అడిగాను. ముందు బెంచీల్లో ఇంగ్లీష్ మీడియం పిల్లలు వెనక్కి తిరిగి మరీ చూశారు.

సార్ మాత్రం నవ్వలేదు. "ఇంటర్లో ఐ స్క్వేర్ ఎంత?" అన్నారు.

"మైనస్ ఒకటి సార్."

"ఆ ఐ, ఈ జె ఒకటే."

"మరి ఐ ఏమైంది సార్?"

"కరెంటు తీసేసుకుంది."

మామూలుగా కరెంటు తీసేశారు అంటాం. కరెంటే ఒక అక్షరాన్ని తీసేసుకోవడం అప్పుడే విన్నాను.

నేను తెలుగు మీడియం. ప్రకాశం జిల్లాలో మా ఊరి దగ్గరి టౌన్లో ఇంటర్ చదివాను. సంకీర్ణ సంఖ్యలు నాకు ఇష్టమైన పాఠం. వాస్తవ భాగం, కల్పిత భాగం, ఆర్గాండ్ తలం, డిమూవర్ సిద్ధాంతం, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కానీ ఆ 'కల్పితం' అన్న మాటే నాకు సమస్య అయింది. లేనిదాన్ని ఉందనుకుని పరీక్షల కోసం చేసే లెక్క అని గట్టిగా నమ్మాను. అది తీగల్లో, మోటార్లలో, మళ్లీ నా ఎదురుగా వచ్చి నిలబడుతుందని ఎవరూ చెప్పలేదు. ఆ పేరు పెట్టింది ఫ్రెంచి తత్వవేత్త డేకార్ట్, 1637లో. మెచ్చుకోలుగా పెట్టిన పేరేమీ కాదు.

అక్షరం సంగతి సార్ ఆ రోజే చెప్పారు. మైనస్ ఒకటి వర్గమూలానికి ఐ అని 1777లో గణితవేత్త ఆయిలర్ రాశాడు. తర్వాతి శతాబ్దంలో ఆంపియర్ కరెంటు గురించి రాస్తూ దాని తీవ్రత అన్న అర్థంలో ఫ్రెంచి మాట 'ఇంటెన్సిటే' వాడాడు. దాని మొదటి అక్షరం ఐ. రెండు కథలూ వేర్వేరు ఊళ్లలో నడిచినంత కాలం గొడవ లేదు. ఏసీ కరెంటుని సంకీర్ణ సంఖ్యలతో లెక్కగట్టడం మొదలైన రోజున ఒకే సమీకరణంలో ఇద్దరు ఐలు తారసపడ్డారు. ఎవరో ఒకరు పేరు మార్చుకోవాలి. లెక్కలవాళ్ల ఐ మార్చుకుంది, వరసలో తర్వాతి అక్షరం తీసుకుంది.

అంతటితో అయిపోతే బాగుండేది. చిన్న ఐ అంటే ఆ క్షణంలో పారుతున్న కరెంటు. పెద్ద ఐ అంటే ఆర్‌ఎంఎస్, మారుతూ ఉండే కరెంటుకి ఒక రకం సగటు. పెద్ద ఐ పక్కన కింద చిన్న ఎమ్ ఉంటే గరిష్ఠం. మనింట్లో 230 వోల్టులంటే అది ఆర్‌ఎంఎస్, అలల శిఖరం 325 దగ్గర ఉంటుంది, కాబట్టి ఏ ఐ, ఏ వి అన్నది తప్పు రాస్తే జవాబు ఒకటిన్నర రెట్లు అటో ఇటో పోతుంది. కరెంటునో వోల్టేజీనో పరిమాణం, కోణం రెండూ కలిపి సంకీర్ణ సంఖ్యగా రాస్తే ఫేజర్ అంటారు, పుస్తకంలో దాన్ని బోల్డ్ అక్షరంలో అచ్చేస్తారు. బాల్ పెన్నుతో బోల్డ్ ఎలా రాస్తాం? అందుకని బోర్డు మీద సార్ అక్షరం నెత్తిన గీత గీసేవారు.

ఆ గీతే నా కొంప ముంచింది. ఇంటర్లో జెడ్ నెత్తిన గీత ఉంటే సంయుగ్మం. ఐ ముందున్న గుర్తు మార్చేయాలి. ఇక్కడ గీత ఉంటే ఫేజర్ అని మాత్రమే. సంయుగ్మానికి వేరే నక్షత్రం పెడతారు. నేను మొదటి మిడ్‌లో గీత కనపడిన ప్రతిచోటా ప్లస్‌ని మైనస్ చేసి, కెపాసిటర్లని (ఛార్జి దాచేవి) ఇండక్టర్లుగా (తీగ చుట్టలు), ఇండక్టర్లని కెపాసిటర్లుగా మార్చిపడేశాను. ఇరవైకి నాలుగు వచ్చాయి. ఆ నాలుగూ ఓమ్ నియమం నిర్వచనానికి.

పేపరు ఇచ్చిన రోజు సార్ నన్ను ముందుకి పిలిచారు. చీవాట్లే అనుకున్నాను. "అటు తిరిగి నిలబడు" అని తలుపు వైపు చూపించారు. ఆయన చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ చేశారట.

"బాయే ముడ్."

హైస్కూల్లో పీఈటీ సార్ ఎన్ని వందలసార్లు తిప్పించాడో. కాళ్లు వాటంతట అవే ఎడమకి తిరిగాయి.

"మళ్లీ బాయే ముడ్."

తిరిగాను.

"మొదట చూసిన వైపు ప్లస్ ఒకటి అయితే, ఇప్పుడు చూస్తున్నది?"

"మైనస్ ఒకటి సార్."

"ఒకే పని రెండుసార్లు చేస్తే మైనస్ ఒకటి వచ్చింది. ఆ పని పేరేంటి?"

"బాయే ముడ్ సార్."

క్లాసు మళ్లీ గొల్లుమంది. ఈసారి సార్ కూడా నవ్వారు. "సరే, అదే. దాన్నే మేం జె అంటాం" అన్నారు. దాయే ముడ్ అంటే మైనస్ జె. ఇండక్టర్‌లో వోల్టేజీ కరెంటుకన్నా ఒక బాయే ముడ్ ముందుంటుంది, కెపాసిటర్‌లో ఒక దాయే ముడ్ వెనకుంటుంది. గుర్తుండటానికి 'సివిల్' అన్న మాట చెప్పారు. సి లో ఐ ముందు, వి తర్వాత. ఎల్ లో వి ముందు, ఐ తర్వాత. ఎలక్ట్రికల్ వాళ్లం సివిల్ పేరు చెప్పుకుని పాసవ్వడం ఏంటని మా వెనక బెంచీలో కొన్నాళ్లు బాధపడ్డారు.

జె4 అంటే తొంభై డిగ్రీలు పక్కకి తిరిగిన నాలుగు. అందులో కల్పితం ఏముంది? చాలా ఏళ్ల తర్వాత చదివాను, గణితవేత్త గాస్ కూడా 1831లో ఇదే మొత్తుకున్నాడు. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, మైనస్ ఒకటి వర్గమూలం, ఈ మూడింటినీ పాజిటివ్, నెగటివ్, ఇమాజినరీ అనకుండా నేరు, వెనక, పక్క అని అర్థం వచ్చే పేర్లు పెట్టి ఉంటే ఇంత అయోమయం ఉండేది కాదని. తెలుగులో ఎవరైనా 'పక్క సంఖ్య' అని అనువాదం చేసి ఉంటే నాకా నాలుగు మార్కుల గతి పట్టేది కాదేమో. నిజానికి తెలుగు పుస్తకం చేసిన తప్పేమీ లేదు, పేరు అలా వచ్చింది, అలా తెచ్చుకున్నాం.

ఈ జె లెక్కని ఇంజనీర్లకి నేర్పిన స్టైన్‌మెట్జ్ పేరు నాకు లైబ్రరీలో తెలిసింది. సార్ చెప్పిన పుస్తకం దొరక్క పక్క పుస్తకం తీస్తే అందులో ఉంది. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న బ్రెస్లావ్‌లో 1865లో పుట్టాడు. పొట్టి మనిషి, పుట్టు గూని. సోషలిస్టు రాతల వల్ల అరెస్టు చేస్తారని దేశం వదిలి 1889లో అమెరికా చేరాడు. 1893 ఆగస్టులో చికాగోలో జరిగిన అంతర్జాతీయ ఎలక్ట్రికల్ కాంగ్రెస్‌లో ఏసీ సర్క్యూట్లని సంకీర్ణ సంఖ్యలతో ఎలా చేయాలో చెప్పాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిది. అంతకు ముందు ఇండక్టరో కెపాసిటరో ఉన్న ప్రతి లెక్కకీ అవకలన సమీకరణాలు రాసుకోవాలి, లేదంటే స్కేలు పెట్టి బాణాలు గీసి కొలుచుకోవాలి. ఈయన వచ్చి, ఒకే ఫ్రీక్వెన్సీలో స్థిరంగా నడుస్తున్న సర్క్యూట్ అయితే అవకలనం చేయాల్సిన చోట జె ఒమేగాతో (ఒమేగా అంటే ఫ్రీక్వెన్సీని బట్టి వచ్చే సంఖ్య) గుణించండి చాలు అన్నాడు. ఇంజనీర్లకి కాలిక్యులస్ పోయి కూడికలు, గుణకారాలు మిగిలాయి. హాస్టల్లో ఆ రాత్రి నేను ఆయన్ని మా కులదైవం పక్కన పెట్టుకున్నంత పని చేశాను.

గుణకారాలు మిగిలాయన్నాను కానీ, అవి చేయడానికి మా దగ్గర ఉన్నది ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్ కాలిక్యులేటర్. దానికి సంకీర్ణ సంఖ్యలు రావు. ఫ్లోర్ మొత్తానికి 991ఎంఎస్ ఉన్నది ఒక్కడి దగ్గర, పరీక్ష ముందు రోజు వాడి గది ముందు చెప్పుల గుట్ట ఉండేది. మిగతావాళ్లం పోల్, రెక్ బటన్లతో బతికాం. పోల్ నొక్కి 3, 4 ఇస్తే తెర మీద 5 వస్తుంది. కోణం కోసం ఆర్‌సీఎల్ నొక్కి ఎఫ్ నొక్కాలి. 53.13 డిగ్రీలు. కూడాలంటే 3 + జె4, గుణించాలంటే 5∠53.13°, మళ్లీ కూడాలంటే వెనక్కి. ఒక లూప్ లెక్కలో పదిహేనుసార్లు అటూ ఇటూ. ఇన్నేళ్ల తర్వాత కూడా నా బొటనవేలికి ఆ ఆర్‌సీఎల్ ఎక్కడుందో గుర్తుంది. రేడియన్ మోడ్‌లో ఉందని చూసుకోకుండా మూడు గంటల పరీక్షలో రెండు గంటలు రాసినవాడి గురించి చెప్పను, ఇప్పుడు వాడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు.

రెండో ఏడాది దాటాక ఇంకో పాత చుట్టం పేరు మార్చుకుని వచ్చాడు. ఇంటర్లో ఒకటికి ఘనమూలాలు ఉండేవి కదా, 1 + ఒమేగా + ఒమేగా స్క్వేర్ = 0. ఇక్కడ ఒమేగా అన్నది ఫ్రీక్వెన్సీకి వెళ్లిపోయింది, అందుకని ఘనమూలాన్ని 'ఎ' అంటారు. 120 డిగ్రీలు తిప్పేది. 1918లో ఫోర్టెస్క్యూ అనే ఇంజనీరు దీన్ని పట్టుకునే త్రీఫేజ్ ఫాల్టుల లెక్కకి దారి వేశాడు. మూడు ఫేజుల్లో లోడు సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు సున్నా ఎందుకో మా లైన్‌మన్‌కి అనుభవంతో తెలుసు. నాకు ఇంటర్లో రెండు మార్కుల ప్రశ్నగా తెలుసు. ఇద్దరం ఒకే సంగతి మాట్లాడుతున్నామని నాకప్పటిదాకా తట్టలేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మాకు బోరు కింద మూడెకరాలు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. ఆ తర్వాత షరతులు వచ్చాయి: ఐఎస్ఐ మార్కు మోటారు, రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, మంచి పైపు, కెపాసిటర్. నాన్న స్టార్టర్ పక్కన బూడిదరంగు రేకు డబ్బా ఒకటి బిగించాడు. దాని మీద 2 కేవీఏఆర్ అని ఉంది, పని చేయకుండా అటూ ఇటూ తిరిగే రియాక్టివ్ పవర్‌కి కొలత అది. మోటారు 5 హెచ్‌పీ. ఒకసారి మోటారు కాలితే రివైండింగ్‌కి వేశారు, బిగించడానికి వచ్చిన మెకానిక్ "ఇది ఉంటే మళ్లీ కాలుద్ది" అని డబ్బా తీగలు ఊడదీసి పోయాడు. సంక్రాంతి సెలవులకి నేను ఇంటికి వచ్చేసరికి డబ్బా అలాగే వేలాడుతోంది. అప్పుడు నేను మూడో సంవత్సరం.

"అది పెట్టుకోవాలి నాన్నా."

"ఏం చేస్తది అది?"

చెప్పడం మొదలుపెట్టాను. జె అన్నాను, అడ్డంగా అన్నాను, పవర్ ఫ్యాక్టర్ అన్నాను. నాన్న బీడీ పూర్తయ్యేదాకా విని, "సూపియ్యి" అన్నాడు.

లైన్‌మన్ మావయ్యని బతిమాలి టాంగ్ టెస్టర్ తెచ్చాను. తీగ తెంపకుండా చుట్టూ దవడ వేసి కరెంటు చూసే మీటరు. స్టార్టర్ నుంచి బోరులోకి దిగే తీగకి పెట్టాను, 7.8 ఆంపియర్లు. మోటారు ఆపి, డబ్బా తీగలు స్టార్టర్ నుంచి మోటారుకి వెళ్లే టెర్మినళ్ల దగ్గర కలిపి, మళ్లీ వేశాను. బోరు తీగకి మళ్లీ మీటరు పెట్టాను.

7.8.

ఇంకోసారి చూశాను. అదే 7.8. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ. పక్క చేను బాబాయ్ మాత్రం "కాలేజీలో ఇదేనా నేర్పేది అబ్బాయ్" అన్నాడు.

చెవులు వేడెక్కిపోయాయి. షెడ్డులో ఎరువుల కొట్టు వాళ్ల క్యాలెండర్ వేలాడుతోంది. వెనక్కి తిప్పి లెక్క రాసుకున్నాను. మోటారు తీసుకునేది 4.5 + జె3.4, అంటే 4.5 కిలోవాట్లు, 3.4 కేవీఏఆర్. డబ్బా తీసుకునేది మైనస్ జె2. మొత్తం 4.5 + జె1.4. లెక్క సరిగ్గానే ఉంది. అప్పుడు తట్టింది, మొత్తం అంటే ఎక్కడ మొత్తం? మోటారుకి కావలసిన జె3.4 దానికి కావలసిందే, డబ్బా పెట్టినంత మాత్రాన మోటారు తన ఆకలి మార్చుకోదు. మారాల్సింది స్తంభం నుంచి స్టార్టర్‌లోకి వచ్చే తీగలో. నేను మీటరు పెట్టింది తప్పు చోట.

ఈసారి స్తంభం వైపు తీగకి పెట్టాను. 6.6. డబ్బా తీగలు తీసేసి వేస్తే 7.8. కలిపితే 6.6. మూడుసార్లు చేసి చూపించాను, బాబాయ్ కూడా వంగి చూశాడు.

"మరి ఆ తగ్గిన కరెంటు యాడికి పోయింది?" అన్నాడు నాన్న.

"యాడికీ పోలేదు. మోటారుకీ ఆ డబ్బాకీ మధ్యే అటూ ఇటూ తిరుగుతోంది. డబ్బా లేకపోతే సబ్‌స్టేషన్ దాకా పోయి తిరిగొస్తది."

"ఊరికే తిరిగేదానికి సబ్‌స్టేషన్ దాకా ఎందుకు పోవాల?"

ఇంతకన్నా బాగా రియాక్టివ్ పవర్ గురించి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేకపోయాను. నిలువు సాలు నీళ్లు తోడేది, అడ్డసాలు ఈ తిరిగేది అన్నాను. "అడ్డసాలు లేకపోతే దుక్కి ఎట్లా అయితది?" అన్నాడు. అదీ నిజమే. ఆ జె భాగం లేకపోతే మోటారులో అయస్కాంత క్షేత్రమే ఉండదు, రోటర్ తిరగదు. ఆయనకి తెలియకుండానే కరెక్టుగా అన్నాడు. అడ్డసాలు కావాలి, కాకపోతే దాన్ని సబ్‌స్టేషన్ నుంచి తోలుకు రానక్కర్లేదు.

తర్వాత ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు. "బిల్లు లేదు గదా. మనకేంటి లాభం?"

ట్రాన్స్‌ఫార్మర్ కాలదు నాన్నా అన్నాను. మాది 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, కింద ఇరవై మోటార్లు. అన్నీ మా మోటారు లాంటివే అనుకుంటే డబ్బాలు లేకుండా 113 కేవీఏ, ఉంటే 94. అప్పట్లో కరెంటు వచ్చేది ఏడు గంటలే కాబట్టి రాగానే అందరూ ఒకేసారి వేసేవారు. క్యాలెండర్ వెనక ఇదీ రాసి చూపించాను. నాన్న అంకెలు చూశాడు, ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూశాడు. "ఇరవై మంది పెడితే గదా" అన్నాడు. సంకీర్ణ సంఖ్యల పుస్తకంలో ఆ మాటకి అధ్యాయం లేదు.

ఏమైతేనేం, మా డబ్బా మాత్రం మళ్లీ బిగించాడు. దానికి 'జె డబ్బా' అని పేరు కూడా పెట్టాడు. పక్కవాళ్లకి చెప్పేటప్పుడు కూడా అదే పేరు.

ఫైనలియర్ ప్రాజెక్టు లోడ్ ఫ్లో, అంటే గ్రిడ్‌లో ఏ లైనులో ఎంత పవర్ పారుతుందో లెక్కగట్టడం. 14 బస్సుల ఐఈఈఈ సిస్టమ్, మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో. బస్సు అంటే ఆర్టీసీ బస్సు కాదని, లైన్లు కలిసే చోటని ఇంట్లో చెప్పాల్సి వచ్చింది. మ్యాట్‌ల్యాబ్ మంచిది, ఐ అన్నా ఒప్పుకుంటుంది, జె అన్నా ఒప్పుకుంటుంది. అడ్మిటెన్స్ మ్యాట్రిక్స్ కట్టాలి, వరసకి ఒక లూప్, నిలువుకి ఒక లూప్. వరసకి ఐ, నిలువుకి జె అని పెట్టుకున్నాం, అందరూ పెట్టుకునేవే. మూడు రోజులు జవాబు రాలేదు. మ్యాట్రిక్స్ అచ్చు వేసి చూస్తే అన్నీ వాస్తవ సంఖ్యలే, కల్పిత భాగం ఒక్కచోట కూడా లేదు. లూప్‌లో జె మూడైతే, ఆర్ + జెఎక్స్ కావాల్సిన లైను ఇంపెడెన్స్ ఆర్ + 3ఎక్స్ అయిపోతోంది. లెక్కలవాళ్ల అక్షరాన్నీ, మా అక్షరాన్నీ ఒకే లైనులో చంపేసి, మైనస్ ఒకటి వర్గమూలం లేదేంటా అని వెతుక్కున్నాం. అప్పటినుంచి 1జె అని అంకె కలిపి రాస్తాను. తర్వాత ఉద్యోగంలో పైథాన్ వచ్చాక చూస్తే అక్కడ జె మాత్రమే ఉంది, అదీ అంకె కలిపే రాయాలి. ఎవరో ఎలక్ట్రికల్ వాళ్ల పుణ్యం అనుకున్నాను.

గదిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాడు ఒకడు ఉండేవాడు. అలని మేం జె ఒమేగా టి అని రాస్తే వాడు మైనస్ ఐ ఒమేగా టి అనేవాడు. "మీ జె అంటే మా మైనస్ ఐ, అంతే" అని తేల్చేసేవాడు. మాకు రోషం వచ్చేది. స్టైన్‌మెట్జ్ కూడా మొదట్లో ఇండక్టర్‌కి ఆర్ మైనస్ జె ఎక్స్ అనే రాసేవాడని తెలిశాక ఆ రోషం కాస్త తగ్గింది. ఆయనే దాయే ముడ్‌తో మొదలుపెడితే మనమెంత.

కిందటి సంక్రాంతికి ఊరెళ్లాను. నాన్నకి మోకాళ్ల నొప్పి, చేను చూడటానికి నన్ను పొమ్మన్నాడు. "షెడ్డు తాళం యాడుంది?" అంటే, "జె డబ్బాలో ఉంది సూడు" అన్నాడు. వెళ్లి చూస్తే స్టార్టర్ పక్కన డబ్బా మూత ఊగుతోంది. లోపల కెపాసిటర్ ఎప్పుడో ఉబ్బి పాడైతే తీసేశారట. తాళంచెవి, అగ్గిపెట్టె, సగం బీడీ కట్ట ఉన్నాయి. మూత మీద 2 కేవీఏఆర్ అన్న అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి.